పోకరు కేసులో మొదటి ముద్దాయి

నేను బెంచి క్లర్కుగా పనిచేశాను. జడ్జిగారి ముందు, ఒక మెట్టు కింద బల్ల దగ్గర కూర్చుని కేసులు పిలిపించడం, కాగితాలు పైకి అందించడం, వాయిదా తేదీలు రాయడం నా పని. జిల్లాలో నాలుగైదు ఊళ్ళు తిరిగి, చివరికి తిరువూరు కోర్టులోనే రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ రాస్తున్నాను. రోజుకు ఒక పేజీ. పంపు వచ్చిన టైము, కరెంటు పోయిన టైము, ఎవరు వచ్చారు, ఏమన్నారు, సాయంత్రం ఎటు వెళ్ళాను. రాసింది కొట్టేయను. తప్పు రాశానని తెలిస్తే మర్నాటి పేజీలో ఆ సంగతి రాస్తాను గాని పాత పేజీ ముట్టుకోను.

ఆ ఉద్యోగం వల్లా, ఈ డైరీల వల్లా నేను ఇరుక్కున్న సంగతి ఇది.

నేను పనిచేసిన రోజుల్లో పేకాట కేసులు గుంపులుగా వచ్చేవి. ఆరుగురు, ఎనిమిదిమంది, ఒక్కోసారి బోను చాలక గోడ వారగా కూడా నిలబెట్టేవాళ్ళం. జడ్జిగారు "నేరం ఒప్పుకుంటారా?" అని అడిగేవారు. పొలం పని వదులుకుని వచ్చిన మనుషులు ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసేవాళ్ళు. నేను తల ఎత్తకుండానే, "ఒప్పుకున్నామని చెప్పండి, ఫైను కట్టి భోజనం వేళకి ఇంటికెళ్ళొచ్చు" అని మెల్లగా అనేవాణ్ణి. వాళ్ళు తల ఊపగానే జడ్జిగారి వైపు తిరిగి "ఒప్పుకుంటున్నారండి" అనేవాణ్ణి. అది సాయం అనుకున్నాను. మీరు ఆడింది ఏ ఆట అని ఒక్కరినైనా అడిగిన గుర్తు లేదు. ఈమధ్య పాత డైరీలు తీసి వెతికాను. లేదు.

ఊరి బయట, గంపలగూడెం వెళ్ళే రోడ్డులో ఒక మామిడి రైతుకి షెడ్డు ఉంది. వేసవిలో కాయలు సైజుల వారీగా వేరుచేసి లారీలకు ఎక్కించేది అక్కడే. సీజను అయిపోతే ఖాళీ ట్రేలు, వరిగడ్డి, కాటా మిషను తప్ప ఏమీ ఉండవు. ఆ రైతు, నేను, ఇక్కడి బస్సు డిపోలో డ్రైవరుగా చేసి రిటైరైన మా భాయ్, ముగ్గురం మధ్యాహ్నాలు అక్కడ చేరేవాళ్ళం. భాయ్ నన్ను "సారూ" అంటాడు, రైతుని "అన్నా" అంటాడు. రైతు మా ఇద్దరినీ కలిపి "గవర్నమెంటోళ్ళు" అంటాడు.

మొదట్లో రమ్మీ ఆడేవాళ్ళం. ఒక ఏడు కాయలు కొనడానికి ఉత్తరాది నుంచి వచ్చిన వ్యాపారి నెలరోజులు ఆ షెడ్డులోనే ఉన్నాడు. లారీ లేటైనప్పుడల్లా మమ్మల్ని కూర్చోబెట్టి పోకరు నేర్పాడు. చేతికి రెండు ముక్కలు. బల్ల మీద అందరికీ కనపడేలా మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. ప్రతిసారీ పందెం పెంచవచ్చు, లేదా చేతిలోవి పడేసి తప్పుకోవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు కూర్చుని అవతలివాడిచేత ముక్కలు పడేయించవచ్చు. వ్యాపారి వెళ్ళిపోయాడు గాని ఆట ఉండిపోయింది.

పందేనికి చింతపిక్కలు వాడాం. రోజూ తలా డెబ్భై పంచుకుని మొదలుపెట్టేవాళ్ళం, లేచేటప్పుడు మళ్ళీ ఒకే డబ్బాలో పోసేవాళ్ళం. రోజు మొత్తం మీద ఎక్కువ పోగొట్టుకున్నవాడు మర్నాడు బస్టాండు దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు తేవాలి. అంతే. నా డైరీలో ఆ రోజుల పేజీల చివర ఇలా ఉంటుంది: "షెడ్డు. ఆట. భాయ్ గెలుపు. రేపు బజ్జీలు రైతు." లేకపోతే "రేపు బజ్జీలు నేను."

ఒక మధ్యాహ్నం జీపు వచ్చింది. ఎవరో ఫోను చేసి చెప్పారట. వచ్చినవాళ్ళు మర్యాదగానే ఉన్నారు. వాళ్ళలో ఒకతను నన్ను కోర్టులో చూసినవాడు. "సార్, మీరేంటండీ ఇక్కడ?" అని, నా కంటే తనే ఎక్కువ సిగ్గుపడ్డాడు. పేకముక్కలు, చింతపిక్కలు సంచిలో వేసి సీలు వేశారు. చింతపిక్కల్ని లెక్కపెట్టి రెండువందల పది అని రాశారు. ముగ్గురిలో నేనే పెద్దవాణ్ణి కాబట్టి నా పేరు మొదట రాశారు. మొదటి ముద్దాయిని అలా అయ్యాను.

రైతు వాళ్ళకి బజ్జీల పొట్లం చూపించి, "ఇవి కూడా సీజ్ చేస్తారా, మేం తినొచ్చా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. భాయ్ అసలు తల ఎత్తలేదు.

ఎందుకో తర్వాత తెలిసింది. భాయ్, అతని భార్య ఇద్దరూ ఆ ఏడు హజ్‌కి దరఖాస్తు పెట్టాలనుకున్నారు. దానికి ముందు పాస్‌పోర్టు కావాలి. ఆమెది వచ్చింది. ఇతనిది పోలీసు విచారణ దగ్గర ఆగింది. మీ మీద కేసు నడుస్తోంది కదా అన్నారట. అతను లేకుండా ఆమె వెళ్ళదు.

వాయిదాకి మూడు రోజుల ముందు షెడ్డులో కూర్చున్నాం. ముక్కలు లేవు, చింతపిక్కలు లేవు. నేను విడమరిచి చెప్పాను. ఒప్పుకుంటే ఫైనుతో అదే రోజు కేసు మూసేస్తారు. కేసు మూశారన్న కాగితం చూపిస్తే పాస్‌పోర్టు కదులుతుంది. ఒప్పుకోకపోతే సాక్షులు, వాయిదాలు, ఏడాదో రెండేళ్ళో.

"కట్టేద్దాం గుమాస్తా గారూ," అన్నాడు రైతు. "నాకు తోటలో మందు కొట్టించే పని ఉంది. మీ కోర్టు చుట్టూ ఎవడు తిరుగుతాడు?"

భాయ్ పేపరు మడతపెడుతూ కూర్చున్నాడు. మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. నేను ఇంటికొచ్చి డైరీలో రాశాను: "ముగ్గురం ఒప్పుకోవడానికి నిర్ణయించాం." ముగ్గురం అన్న మాట తప్పు.

వాయిదా రోజు బోనులో వరసగా నిలబడ్డాం. నేను కూర్చోవలసిన బల్ల దగ్గర ఎవరో కుర్ర క్లర్కు కూర్చున్నాడు. అతని ఎదురుగా కాగితాల కట్ట ఒక పక్కకి జారి ఉంటే సర్దాలనిపించింది. కొత్త జడ్జిగారు. తల ఎత్తి, "నేరం ఒప్పుకుంటారా?" అన్నారు.

నా నోటి నుంచి వచ్చింది: "ఒప్పుకుంటున్నారండి."

ఒప్పుకుంటున్నాం అని కాదు. ఒప్పుకుంటున్నారు. అన్నేళ్ళు రోజూ అన్న గొంతుతో, అన్న వేగంతో. హాలులో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని, "మీరు వీళ్ళ ప్లీడరా? ముద్దాయా?" అన్నారు.

"ముద్దాయినండి," అన్నాను.

"అయితే మీ సంగతి మీరు చెప్పండి."

నేను ఒప్పుకున్నాను. రైతు ఒప్పుకున్నాడు. భాయ్ రెండు చేతులూ కట్టుకుని, ఎక్కబోయే ప్రయాణికుడికి ఈ బస్సు అటు వెళ్ళదని చెప్పినంత మామూలుగా, "నేను ఒప్పుకోవట్లేదండి" అన్నాడు.

మా ఇద్దరికీ ఫైను వేసి పంపేశారు. అతని కేసు వేరు చేసి విచారణకి పెట్టారు.

బయట సైకిల్ స్టాండు దగ్గర అతన్ని పట్టుకున్నాను. "భాయ్, ఏం చేశావో తెలుసా? ఒక్క మాటతో ఈ రోజు బయటపడేవాడివి."

"బయటపడి ఎక్కడికెళ్ళాలి సారూ? జూదం ఆడానని కోర్టులో చెప్పి, ఆ కాగితంతో పాస్‌పోర్టు తెచ్చుకుని, ఆ పాస్‌పోర్టుతో అక్కడికి వెళ్ళమంటారా?"

రైతు కల్పించుకున్నాడు. "మరి ఆ సంగతి ఆ రోజు షెడ్డులో చెప్పొచ్చుగా? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చెబుదామనే అనుకున్నా అన్నా. సారు అప్పటికే రాసేసుకున్నట్టు మాట్లాడారు."

ఇంటికి నడిచి వస్తుంటే ఇంకో సంగతి తట్టింది. ఒకే బల్ల దగ్గర ముగ్గురం ఆడాం. ఇద్దరం అది జూదమేనని కోర్టుకు చెప్పేశాం. ఇక మూడోవాడు కాదంటే ఎవరు నమ్ముతారు? అతని తలుపు నేనే బయట నుంచి గడియ పెట్టినట్టయింది.

నాలుగు రోజుల తర్వాత ఒక లాయరమ్మ మా ఇంటికి వచ్చింది. విస్సన్నపేట అమ్మాయి, రోజూ బస్సులో వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేస్తుంది. జూనియర్‌గా ఉన్నప్పుడు పేజీ నంబర్లు వేయకుండా పిటిషన్ తెచ్చిందని ఒకసారి అందరి ముందూ కేకలేశాను. ఆ సంగతి మొదట తనే గుర్తుచేసింది.

"ఈసారి నంబర్లు వేసే తెస్తాను సార్. భాయ్ గారి కేసు నేను చేస్తున్నాను. ఫీజు వద్దన్నాను."

"ఎందుకమ్మా?"

"పేకాట చట్టంలోనే మినహాయింపు ఉంది కదండీ, కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకి అది వర్తించదని. రమ్మీ నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమేనంది. పోకరు దగ్గరికొచ్చేసరికి ఒక హైకోర్టు ఒకటంటే ఇంకో హైకోర్టు ఇంకొకటంటోంది. మన దగ్గర ఎవరూ గట్టిగా అడగలేదు. పట్టుబడ్డవాళ్ళంతా ఒప్పేసుకుని ఫైను కట్టి వెళ్ళిపోతుంటే అడిగేదెవరు?"

ఆమె నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా నేను కిటికీ వైపు చూశాను.

ఆట చూస్తానంది. షెడ్డుకి తీసుకెళ్ళాను. భాయ్ చాలాసేపు ఒప్పుకోలేదు. కేసు నడుస్తుండగా మళ్ళీ ముక్కలు పట్టడమేంటన్నాడు. బజ్జీల పందెం లేకుండా, కొత్త పేకముక్కలు, చింతపిక్కలు తెప్పించి ఉత్తుత్తిగా ఆడదాం, నేనూ కూర్చుంటానని ఆమె బతిమాలింది. గంటసేపట్లో ఆమె పిక్కలన్నీ భాయ్ ముందుకు చేరాయి, నావి సగం చేరాయి.

"ఎలాగండీ? ముక్కలు మీకేం గొప్పగా రాలేదే. సగం సార్లు ఏమీ లేకుండానే నాచేత పడేయించారు."

భాయ్ ఇబ్బంది పడ్డాడు. రైతు, "చెప్పవయ్యా, లాయరు దగ్గర దాస్తే ఎట్టా?" అన్నాడు.

"నేను ముక్కలు చూడనమ్మా, మనుషుల్ని చూస్తా. ముప్పై ఏళ్ళు బస్సు నడిపా. ముందు పోయేవాడు కుడికి తిరుగుతాడా లేదా అన్నది వాడు చెయ్యి చూపించకముందే తెలియాలి. అన్నకి మంచి ముక్క పడితే బొటనవేలితో దాని అంచు నిమురుతాడు, పండిందో లేదో కాయని చూసినట్టు. సారుకైతే..." అని ఆగాడు.

"చెప్పు భాయ్," అన్నాను.

"సారుకి మంచి ముక్కలొస్తే చింతపిక్కలు పదేసి చొప్పున వరసలు పెడతారు. లేకపోతే కుప్పగా వదిలేస్తారు. మూడేళ్ళుగా అంతే. ఆ రోజు బోనులో కూడా మీ చెయ్యి బోను కమ్మీ మీద కాగితాలు సర్దినట్టు కదిలింది. అందరి తరఫునా చెప్పేస్తారని అప్పుడే తెలిసింది."

రైతు పగలబడి నవ్వాడు. "మూడేళ్ళ బట్టి నేను తెచ్చిన బజ్జీలన్నీ ఇందుకా?" లాయరమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా క్రమమే నన్ను ఇంతకాలం బట్టబయలు చేస్తోందని నాకు తెలియలేదు. ముందున్న వరసల్ని చేత్తో కలిపేశాను. కలిపేశాక అది కూడా అతనికి ఏదో చెప్పే ఉంటుందనిపించింది.

ఆమె అసలు అడగవలసింది అప్పుడు అడిగింది. "సార్, ఇది అదృష్టమైతే మూడేళ్ళలో ముగ్గురూ ఇంచుమించు సమానంగా గెలవాలి. ఈయనే ఎక్కువ గెలిచారని చూపించగలిగితే అది నైపుణ్యమని గట్టిగా వాదించవచ్చు. ఎక్కడైనా రాసి ఉందా?"

రాసి ఉంది. మూడు డైరీల్లో, ప్రతి ఆట రోజూ. ఇంటికొచ్చి సీజన్ల వారీగా తీశాను. మూడు రోజులు ఆడితే రెండు రోజులు భాయ్ గెలిచాడు. ఒక వర్షాకాలమంతా నేను రెండే రెండుసార్లు గెలిచాను. ఇంతకంటే మంచి ఎగ్జిబిటు ఏ లాయరుకీ దొరకదు.

కాని అవే పేజీల్లో మిగతావి కూడా ఉన్నాయి. ఒకచోట ఇలా ఉంది: "భాయ్ ఇంట్లో అడిగితే, రైతుకి కళ్ళు కనపడటం లేదు కాబట్టి పేపరు చదివి వినిపించడానికి షెడ్డుకి వెళ్తున్నానని చెప్పాడట. అందుకే పేపరు చంకలో పెట్టుకుని వస్తాడు." ఇంకోచోట, వాళ్ళ పెద్దలు ముక్కలు ముట్టడమే తప్పంటారని అతను బాధపడిన రోజు ఉంది. రైతు ఇంటి గొడవలు, నా కీళ్ళ నొప్పులు, మా ఆవిడతో మాటపట్టింపులు ఉన్నాయి. కేసు గెలిపించే కాగితమే అతన్ని అతని ఇంట్లో ఓడిస్తుంది. తిరువూరులో అందరికంటే బాగా ముక్కలాడేది నువ్వేనని కోర్టు రికార్డులో ఎక్కించడమే అతనికి మేము చేయగల సాయం.

"ఆ ఆట లైన్లు మాత్రం టైపు చేయించండి సార్. మిగతాది ఎందుకు?" అంది లాయరమ్మ.

"టైపు కాపీ పెడితే అవతలివాళ్ళు అసలు డైరీలు అడుగుతారమ్మా. అడగకపోతే వాళ్ళకి పని రానట్టు. అవి వస్తే మొత్తం చదువుతారు."

"కొన్ని పేజీలు తీసేస్తే..." అని ఆమె మాట మింగేసింది. నా మొహం చూసి ఉంటుంది.

ఇవ్వకపోతే అతనికి ఆధారం లేదు. ఇస్తే అతని ఇల్లు చెదురుతుంది. పేజీ తీసేస్తే అది ఇక డైరీ కాదు, నేనూ నేను కాను. రెండు రోజులు ఇంట్లోంచి బయటకు పోలేదు. చివరికి మూడు డైరీలూ, అప్పుడు రాస్తున్న నాలుగోదీ, కేసు సంగతులన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి, సంచిలో పెట్టి భాయ్ ఇంటికి తీసుకెళ్ళి గుమ్మంలోనే ఇచ్చాను.

"ఇందులో నీ గురించి ఉన్నదంతా ఉంది. కోర్టుకి ఇవ్వాలో వద్దో నువ్వే చెప్పు. వద్దంటే లేవని చెబుతాను."

"లేవని చెబుతారా?" అన్నాడు, నా వైపు అదోలా చూసి. "మీరా?"

వారం రోజులు ఏ కబురూ లేదు. రాయడానికి డైరీ లేక క్యాలెండరు చించిన కాగితాల వెనక రాశాను. పంపు వచ్చిన టైము, కరెంటు పోయిన టైము. "భాయ్ రాలేదు." మర్నాడు, "భాయ్ రాలేదు." రైతు ఫోను చేసి, "ఏంటండీ, మనిషి ఫోనెత్తడం లేదు. వాళ్ళావిడ గదిలో పెట్టి తాళం వేసిందా?" అన్నాడు.

ఎనిమిదో రోజు సంచితో వచ్చాడు. కూర్చోకుండానే చెప్పాడు.

"నేను చదివి చెప్పలేదు సారూ. మా అమ్మాయిని పిలిచి చదివించా. వాళ్ళమ్మ ఎదురుగా. మొత్తం."

"ఏమంది?"

"రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, 'ఇన్ని రోజులు గెలిచి ఇంటికి ఒక్క బజ్జీ ముక్క తేలేదేంటి' అంది." నవ్వబోయి ఆగాడు. "నిన్న అసలు మాట అంది. 'మీరు అబద్ధం చెప్పింది నాకు. దానికి నేను మాఫీ ఇస్తా. ఆ ఆట ఏంటో మాత్రం తేల్చుకుని రండి. తేలకుండా నా పక్కన నిలబడి అక్కడ దువా చేయొద్దు' అంది. ఇచ్చేయండి సారూ, కోర్టుకి."

నాలుగైదు వాయిదాల తర్వాత సాక్ష్యాల రోజు వచ్చింది. ఆ రోజు షెడ్డుకి వచ్చిన పోలీసాయన, వాళ్ళు మూడు ముక్కలాట ఆడుతున్నారని చెప్పాడు. పట్టుకున్న రోజు పంచనామా మీద సాక్షిగా సంతకం పెట్టిన రోడ్డు పక్క దుకాణం మనిషి, రమ్మీ అనుకుంటానండి, నాకు పేకాటలు రావు అన్నాడు. ఛార్జిషీటులో ఉత్త పేకాట అని ఉంది. తర్వాత నన్ను పిలిచారు. నేను రోజూ ఎదురుగా కూర్చుని చూసిన సాక్షి బోనులోకి మొదటిసారి ఎక్కాను. పోకరు అని చెప్పాను, ఎలా ఆడతారో చెప్పాను, డైరీలు ఇచ్చాను.

సర్కారు ప్లీడరు పేజీలు తిప్పి, అనుకున్నట్టే బజ్జీల దగ్గర ఆగాడు.

"బజ్జీలు పందెం కాదా అండీ?"

"ఓడినవాడు తెచ్చేవాడండి. తినేది ముగ్గురం."

"గెలిచినవాడికి లాభమే కదా?"

"గెలిచేది భాయ్. అతనికి గ్యాస్ ట్రబుల్. సగం ముక్క కంటే తినడు."

జడ్జిగారు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ప్లీడరు డైరీ మూశాడు. "సరే. ఇదే హాలులో, ఇదే ఆట గురించి, నేరం చేశానని మీరు ఒప్పుకున్నారు. ఫైను కట్టారు. ఈ రోజు అది నైపుణ్యం అంటున్నారు. అప్పుడు చెప్పింది అబద్ధమా? ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

ఇది అడుగుతాడని నాకు తెలుసు. నేనైనా ఇదే అడుగుతాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, చట్టం తెలియక అన్నానని. కాని చట్టం తెలియదని చెప్పే హక్కు ఆ హాలులో నాకొక్కడికే లేదు. గోడ వారగా చూశాను. అక్కడ వేరే కేసుకి వచ్చినవాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు, తువ్వాళ్ళు భుజాన వేసుకుని.

"అప్పుడు చెప్పింది," అన్నాను.

కుర్ర క్లర్కు అది టైపు చేశాడు. చప్పుడు వినపడింది.

మూడు వారాలకు తీర్పు. భాయ్ మీద కేసు కొట్టేశారు. ప్రాసిక్యూషన్ సాక్షులే తలా ఒక ఆట పేరు చెప్పారు కాబట్టి అక్కడ ఏ ఆట జరిగిందో రుజువు కాలేదనీ, సందేహం ముద్దాయికి అనుకూలమనీ రాశారు. పోకరు నైపుణ్యమా అదృష్టమా అన్నది ఈ కేసులో తేల్చవలసిన అవసరం లేదని ఒక్క వాక్యం.

రైతు స్వీట్లు తెచ్చాడు. భాయ్ తీసుకోలేదు.

"ఏం భాయ్, వదిలేశారుగా?"

"వదిలేశారన్నా. ఏ ఆటో తెలియదని వదిలేశారు. నేనడిగింది అది కాదు కదా? ఇంటికెళ్ళి ఏం చెప్పను, తేల్చే అవసరం లేదన్నారని చెప్పనా?"

లాయరమ్మ తీర్పు కాపీని రెండుసార్లు చదివింది. ఆమెకూ కావలసింది దొరకలేదు. "దీని మీద మనం పైకి వెళ్ళలేమండీ. గెలిచినవాళ్ళకి అప్పీలు ఉండదు," అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"సార్, మీకుంది."

"నేను ఒప్పుకున్నానమ్మా."

"మీరు ఒప్పుకున్నది ఆడామని. ఆడింది నేరం అవునో కాదో చెప్పవలసింది చట్టం, మీరు కాదు. ఒప్పుకున్న సంగతుల మీదే హైకోర్టుకి వెళ్దాం. ఇది పోకరు, ఇది నైపుణ్యం, ఈ శిక్ష నిలవదు అని. అక్కడ ఏ ఆటో తెలియదని తప్పించుకోవడానికి ఉండదు. ముగ్గురిలో శిక్ష పడ్డవాళ్ళే ఈ ప్రశ్న అడగగలరు."

రైతు రెండు చేతులూ పైకెత్తాడు. "నన్నొదిలేయండి తల్లీ. నాకు కోత మొదలవుతుంది."

ఇప్పుడు నేను ఒక్కణ్ణే మిగిలాను. నేనన్న ఒక్క మాట వల్ల దోషినయ్యాను, ఆ మాట వల్లే ఈ తలుపు నాకు మాత్రమే తెరుచుకుని ఉంది. వెళ్తే ఎన్నేళ్ళో తెలియదు. డైరీలు మళ్ళీ కోర్టుకి వెళ్తాయి, ఈసారి ఇంకా దూరం. ఇంతకాలం ఎవరు ఒప్పుకున్నారో రాసిన చేత్తో నేను ఒప్పుకున్నది చెల్లదని రాయాలి. వెళ్ళకపోతే భాయ్ ఆ ప్రశ్నని లగేజీలో పెట్టుకుని విమానం ఎక్కుతాడు. అతని పాస్‌పోర్టు వచ్చింది. దరఖాస్తు పెట్టారు. అతని భార్య ఇంకా ఏమీ అనడం లేదట, ప్రయాణానికి బట్టలు మాత్రం కుట్టిస్తోందట.

నిన్న మధ్యాహ్నం లాయరమ్మ కాగితాలు తెచ్చింది. అన్నిటికీ పేజీ నంబర్లు ఉన్నాయి. ఆలస్యానికి క్షమాపణ పిటిషన్, అసలు పిటిషన్, వకాల్తా. మా వరండాలోనే కూర్చున్నాం. భాయ్ కూడా వచ్చాడు, చంకలో పేపరు లేకుండా.

"నేను వెళ్ళొచ్చేలోపల తేలుతుందామ్మా?" అన్నాడు.

"చెప్పలేనండి," అంది ఆమె.

"పోనీ, అడుగుతున్నారని మాత్రం చెప్పొచ్చా, ఇంట్లో?"

"చెప్పండి."

పిటిషనరు అన్న చోట నా పేరు టైపు చేసి ఉంది. ప్రతి పేజీ చదివాను. రెండు చోట్ల అచ్చుతప్పులు ఉంటే పెన్సిలుతో చూపించాను, ఆమె దిద్దింది. సంతకాలు పెట్టాను. పెట్టి, కాగితాలన్నీ అంచులు కలిసేలా బల్ల మీద తట్టి, మూడు కట్టలుగా వరసలో పెడుతున్నాను.

భాయ్ నా చేతుల వైపు చూస్తూ అన్నాడు, "సారూ, సర్దేస్తున్నారు. మంచి ముక్కలే పడ్డట్టున్నాయి."

నేను చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.